రసాయనము కంటిని తాకకముందే

తలంటుపోసుకొను దినమున కుంకుడురసము కంటిలో పడి ఏడువని బిడ్డ తెలుగునాట అరుదు. ఎంత ఏడ్చినను, చల్లని నీటితో కన్ను కడిగిన పిమ్మట మంట క్రమముగా చల్లారును. మరునాటికి ఎరుపు సైతము మిగులదు. అదే యింటిలో తాంబూలపు పళ్లెములో సున్నపు డబ్బి యుండును. దానిని చూచి యెవ్వరును భయపడరు. వ్రేలికొనతో తీసి తమలపాకునకు రాతురు. ఆ సున్నమే కొంచెము పసివాని కంటిలో పడి, వెంటనే కడుగువారు లేకపోయినచో, ఆ కంటిచూపు మరల రాకపోవచ్చును.

మంటనుబట్టి ప్రమాదమును కొలువవచ్చునని మనలో పలువురు నమ్ముచుందురు. ఆ నమ్మకము సరియైనది కాదు. మిరపకాయలు దంచిన చేతులు గంటలకొలది మండును; కాని చర్మము కాలిపోదు. మిరపలోని కాప్సైసిన్ అను పదార్థము, వేడి తగిలినపుడు తెరచుకొను నాడీద్వారమునే తట్టి, నిప్పు లేకయే నిప్పు తగిలినట్లు మెదడునకు వార్త పంపును. ఈ ద్వారమును 1997లో అమెరికా శాస్త్రజ్ఞుడు డేవిడ్ జూలియస్, ఆయన సహచరులు గుర్తించిరి. 2021 నాటి నోబెల్ బహుమానములో ఆయనకు భాగము లభించుటకు ఆ కృషియే కారణము. కారము తెచ్చు కబురు అబద్ధపు కబురు. సున్నము చేయు పని వేరు. అది కణములనే కరగించును. గాఢమైన క్షారము కంటి పైపొరలోని నాడులను సైతము చంపును గనుక, గాయము మిక్కిలి తీవ్రమైనపుడు బాధ తక్కువగా తోచుటయు కలదు.

అట్లయినచో, క్రొత్తగా తయారైన రసాయనమొకటి చర్మమును, కంటిని ఏమి చేయునో ముందుగా నెట్లు తెలియును? అది సబ్బులో కలియవచ్చును, పొలములో చల్లు మందులో కలియవచ్చును, జుట్టురంగులో కలియవచ్చును. విజ్ఞానప్రసంగములు వినువారు ఈ ప్రశ్నను మరింత సూటిగా వేయుదురు: "ఎవరి కంటిలో వేసి చూచిరండీ?" చాలకాలమువరకు దీనికి సమాధానము, కుందేటి కంటిలో అనునది. అంతకు పూర్వపు సమాధానము ఇంకను కఠినమైనది: డబ్బిచ్చి కొనుక్కొన్నవారి కంటిలో.

1933 ప్రాంతమున అమెరికాలో "లాష్ లూర్" అను పేర కనురెప్పల వెండ్రుకలకు వేయు రంగొకటి అమ్మబడుచుండెను. అందలి పారాఫినిలీన్ డయామిన్ అను పదార్థమువలన పలువురు స్త్రీల కన్నులు పుండ్లుపడెను. చూపు పోయినవారు కలరు. ఒక స్త్రీ మరణించెను. ఆనాటి చట్టము ఆహారమును, ఔషధములను గూర్చి చెప్పెనేగాని సౌందర్యద్రవ్యముల ఊసెత్తలేదు. కనుక ఆ రంగును అంగడినుండి తొలగించు అధికారము ప్రభుత్వమునకు లేకపోయెను. 1938లో క్రొత్త చట్టము వచ్చినపుడు గాని ఈ లోటు తీరలేదు. అదే పదార్థము నేటికిని నల్లని జుట్టురంగులలో కలదు. కనుబొమలకు, కనురెప్పలకు రాయరాదని పెట్టెపై చిన్న అక్షరములలో వ్రాసియుండుట కిదియే కారణము. ఆ అక్షరములు మరికొంత పెద్దవిగా నుండిన బాగుండునని మా అభిప్రాయము.

చట్టము వచ్చినంతమాత్రమున చాలదు, కొలత కావలెను. అమెరికా ప్రభుత్వపు ఆహారౌషధ శాఖలో పనిచేయు జాన్ డ్రేజ్, ఇద్దరు సహచరులతో కూడి 1944లో ఆ కొలతను ప్రకటించెను. కుందేటి ఒక కంటిలో పదార్థమును 0.1 మిల్లీలీటరు వేయుదురు. రెండవ కన్ను పోల్చిచూచుటకు విడిచిపెట్టుదురు. 24, 48, 72 గంటలకు పరీక్షించి అంకెలు వేయుదురు. గరిష్ఠము 110. నల్లగ్రుడ్డుపై అద్దమువలె నుండు కార్నియా అను స్వచ్ఛపటలమునకే 80, దాని వెనుకనున్న రంగుతెరకు 10, రెప్పల లోపలిపొరకు 20. చర్మము విషయమున, వెండ్రుకలు కత్తిరించిన వీపుపై పట్టీ వేసి, ఎరుపునకు 4 వరకు, వాపునకు 4 వరకు అంకెలు వేయుదురు. పద్ధతి సులభము, ఏ ప్రయోగశాలయైనను చేయగలదు. ప్రపంచమంతయు దానిని స్వీకరించెను.

ఇందలి క్రూరత్వమును గూర్చి వేరుగ చెప్పనక్కరలేదు. అది యట్లుండగా, శాస్త్రదృష్టితో చూచినను ఈ కొలత అంత గట్టిది కాదని తేలెను. కుందేటికి మూడవ రెప్ప కలదు, మనకు లేదు. అది మనకంటె అరుదుగా రెప్పవేయును. దాని కన్నీరు తక్కువ. దాని స్వచ్ఛపటలము మనదానికంటె పలుచన. వీల్, స్కాలా అను ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒకే పదార్థములను ఇరువదికి పైగా ప్రయోగశాలలకు పంపి, వచ్చిన ఫలితములను 1971లో ప్రకటించిరి. ఒక శాల నిరపాయమన్నదానిని మరియొక శాల తీవ్రమన్నది! చర్మము సంగతియు నట్టిదే. కుందేటి చర్మమును రేపునని తేలిన 16 పదార్థములను 2010 నాటి యొక పరిశోధనలో మనుష్యుల చర్మముపై పట్టీవేసి చూడగా, వానిలో 5 మాత్రమే చెప్పుకోదగినంతగా రేపినవి.

1959లోనే ఇంగ్లండున రస్సెల్, బర్చ్ అను వారు జంతుప్రయోగములను తగ్గించుట, బాధ తక్కువచేయుట, వీలైనచోట వేరొక పద్ధతి నవలంబించుట అను మూడు సూత్రములను ఒక గ్రంథమున ప్రతిపాదించియుండిరి. చాలమంది దానిని పట్టించుకొనలేదు. 1980 ఏప్రిల్ 15న న్యూయార్క్ టైమ్స్ పత్రికలో పూర్తిపుట ప్రకటన యొకటి వెలువడెను. హెన్రీ స్పైరా అను బడిపంతులు నడపిన ఉద్యమమది. సౌందర్యముకొరకు ఎన్ని కుందేళ్లు గ్రుడ్డివగుచున్నవని అది రెవ్లాన్ సంస్థను నిలదీసెను. ఆ సంవత్సరము ముగియులోపలనే ఆ సంస్థ రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయమున ప్రత్యామ్నాయ పరిశోధనకై 7,50,000 డాలర్లు కేటాయించెను. అప్పటినుండి ప్రశ్న రూపము మారెను: కుందేలు లేకుండ తెలియుట యెట్లు?

ముందుగా తెలియవలసినది ఏమో నిర్ణయించుకొందము. పదార్థము తగిలినచోట ఎరుపు, వాపు కలిగి, కొలది దినములలో మానిపోయినచో దానిని ప్రకోపకమందురు. కణములు చచ్చి, మానని మచ్చ పడినచో దాహకమందురు. కంటి విషయమున గీటురాయి 21 దినములు. ఆలోపల కన్ను పూర్తిగా స్వస్థపడినచో ఒక వర్గము, పడకపోయినచో మరియొక వర్గము. 2003లో ఐక్యరాజ్యసమితి ప్రచురించిన వర్గీకరణ పద్ధతి ఈ గీతనే స్థిరపరచెను. డబ్బాలపై కనబడు గుర్తులు దానినుండి వచ్చినవే. ద్రవము కారి చేతిని తినివేయుచున్నట్లు బొమ్మయున్నచో అది దాహకము లేక కంటికి మానని గాయము చేయునది. ఆశ్చర్యార్థకమున్నచో చర్మమును, కంటిని రేపునది కావచ్చును.

ఇక శరీరపు కోట గోడలు చూతము. అరచేయి, అరకాలు విడిచిన తక్కినచోట్ల మన చర్మపు పైపొర మందము మిల్లీమీటరులో నూరింట ఒకటి రెండు వంతులే. అందు నిర్జీవకణములు ఇటుకలవలె పేర్చబడి, వాని నడుమ క్రొవ్వు అడుసువలె నుండును. ఈ గోడ నిలిచియున్నంతవరకు లోపలి జీవకణములకు పెద్దభయము లేదు. కంటికి ఆ గోడయు లేదు. స్వచ్ఛపటలము నడుమ సుమారు అర మిల్లీమీటరు మందము. దాని పైని జీవకణములు అయిదారు వరుసలే. కన్నీటితెర, రెప్పపాటు, అంతే దాని రక్షణ. కనుకనే చర్మము భరించినది కన్ను భరింపలేదు. చర్మమును కాల్చునని తెలిసినదానిని కంటిపై వేరుగ పరీక్షింపనక్కరయు లేదు.

జోస్యము చెప్పువాని మొదటి ప్రశ్న మిక్కిలి చౌకయైనది. పదార్థము ఆమ్లమా, క్షారమా? ఎంత గాఢము? శుద్ధమైన నీటి పీహెచ్ అంకము 7. ఆ అంకము 2గాని అంతకు తక్కువగాని యున్నను, 11.5గాని అంతకు ఎక్కువగాని యున్నను, దానిని దాహకమనియే యెంచవలెనని నియమము. ఇందులో నొక మెలిక కలదు. రెండు ద్రవములకు అంకము ఒకటేయైనను, ఒకటి రెండు చుక్కల కన్నీటితో శాంతించును. మరియొకటి ఎంత కలిపినను లొంగదు. కనుక అంకముతోపాటు ఆ నిలువబలమునుగూడ కొలుతురు. ఆమ్లము కణముల మాంసకృత్తులను, పాలలో నిమ్మరసము పిండినట్లు, విరిచి గడ్డకట్టించును. ఆ గడ్డయే కొంతవరకు అడ్డుగోడయై ఆమ్లమును లోనికి పోనీయదు. క్షారము అట్లు కాదు. నూనెలో కాస్టిక్ సోడా కలిపి సబ్బు చేయుదుము గదా! కణపుపొరలలోని క్రొవ్వును క్షారము అట్లే సబ్బుగా మార్చి, దారి చేసికొని, ఇంకను లోతునకు పోవును. ఇంటిలో ఆమ్లమునకు భయపడువారు క్షారమునకు భయపడకపోవుట మాకు ఎప్పుడును వింతగా తోచును.

అంకము నడుమనున్న పదార్థములతోనే అసలు చిక్కు. అచట అణువు రూపమును చూడవలెను. సబ్బుపొడులలో, తలకు వాడు షాంపూలలో నుండు సోడియం లారిల్ సల్ఫేటును తీసికొందము. దానికి 12 కర్బన పరమాణువుల తోక, నీటిని కోరు తల. తోక క్రొవ్వులో దూరును. తల నీటిని పట్టుకొనును. నడుమ గోడ వదులగును. ఈ కుటుంబములోనే తోక పొడవును మార్చి చూచినవారికి వింతయొకటి కనబడెను. తోక మరీ పొట్టిదైన చర్మములో దూరదు. మరీ పొడవైనది నీటిలో సరిగా కరగదు. 12 పరమాణువులదే అన్నిటికంటె ఎక్కువ రేపును. తలపైనున్న విద్యుదావేశమునుబట్టి సైతము తారతమ్యము కలదు. ధనావేశముగలవి కంటికి సాధారణముగా ఎక్కువ హాని, ఋణావేశముగలవి అంతకు తక్కువ, ఆవేశము లేనివి ఇంకను తక్కువ. కుంకుడులోని సపోనిన్ సైతము నురుగు పుట్టించు ఈ జాతిలోనిదే. మోతాదును మాత్రము మరువరాదు. బెంజల్కోనియం క్లోరైడు అను ధనావేశపు పదార్థము గాఢముగా నున్నచో కంటిని చెరచును, నూరింట 0.01 వంతుగా కంటిచుక్కలమందులలోనే నిలువకొరకు కలుపుదురు.

తరువాతి ప్రశ్న: ఇది గోడ దాటగలదా? నీరును, నూనెవంటి ఆక్టనాల్ అను ద్రవమును ఒక సీసాలో పోసి, పదార్థమును వేసి కుదిపినచో, అది దేనిలో ఎంత చేరునో తెలియును. ఆ నిష్పత్తిని కార్విన్ హాన్ష్, ఫుజితా అను వారు 1964లో జీవప్రభావముతో గణితసూత్రముగా ముడివేసిరి. చర్మమును దాటు వేగమునకు ఆ నిష్పత్తి, అణుభారము అను రెండింటితోనే అంచనా కట్టవచ్చునని 1992లో పాట్స్, గై చూపిరి. అణుభారము 500 దాటినవి సాధారణముగా చర్మమును దాటవని ఒక మోటులెక్క. ఇట్టి నియమములు "రేపును" అనుటకంటె "రేపజాలదు" అనుటకు ఎక్కువ అక్కరకు వచ్చును.

ఇప్పుడీ పనిని గణనయంత్రములు చేయుచున్నవి. క్రొత్త అణువును ఇచ్చినచో, దానిని పోలిన పాత అణువులను వెదకి, వాని చరిత్రనుబట్టి దీని జాతకము వ్రాయును. 2018లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమువారు సుమారు 10,000 రసాయనముల సమాచారముతో అట్టి యంత్రము నొకదానిని తయారుచేసి, తొమ్మిది విధముల ప్రమాదములలో నూటికి 80 నుండి 95 వరకు సరిగా చెప్పుచున్నదని ప్రకటించిరి. సంతోషింపదగినదే. అయితే ఆ యంత్రమునకు పాఠము నేర్పినది పాత జంతుపరీక్షల ఫలితములు. అనగా, అది ప్రధానముగా కుందేలు ఏమనునో చెప్పుచున్నది. మనుష్యుని కన్ను ఏమనునో కాదు. పోలిక లేని క్రొత్తజాతి అణువు వచ్చినపుడు దాని మాటకు విలువయు తగ్గును. యంత్రము మౌనము వహింపదు గనుక, ఎప్పుడు నమ్మరాదో మనుష్యుడే తెలిసికొనియుండవలెను.

కనుక చివరకు జీవకణమునే అడుగవలసివచ్చును. శస్త్రచికిత్సలలో తొలగింపబడిన మనుష్యచర్మమునుండి కణములను తీసి, గిన్నెలలో పెంచి, పైభాగమును గాలికి విడిచినచో కొలది వారములలో నిర్జీవపు పైపొరతో సహా చిన్న చర్మపుముక్క తయారగును. ఫ్రాన్సులో అభివృద్ధిచేయబడిన ఎపిస్కిన్ అనునది ఇట్టిది. 2007లో ఐరోపా పరీక్షాధికారులు దానిని అంగీకరించిరి, 2010లో అంతర్జాతీయ నియమావళిలో చేరెను. పదార్థమును ఆ ముక్కపై 15 నిమిషములుంచి, కడిగి, 42 గంటలు ఆగుదురు. పిదప పసుపుపచ్చని రంగుమందు నొకదానిని ఇత్తురు. బ్రదికియున్న కణములు దానిని ఊదారంగుగా మార్చును, చచ్చినవి మార్పవు. ఊదా ఎంత చిక్కగానున్నదో కొలిచినచో బ్రదికినవారి జనాభాలెక్క వచ్చినట్లే. సగమో, అంతకు తక్కువయో బ్రదికినచో ఆ పదార్థము చర్మమును రేపునది. కంటికొరకును ఇట్టి ముక్కలు కలవు. మంట యెంతయో అడుగక మరణము లెంతయో అడుగుట ఇందలి విశేషము.

మరియొక మార్గము కసాయిశాలనుండి. ఆహారమునకై వధింపబడిన పశువుల కన్నులను తెచ్చి, స్వచ్ఛపటలమును చట్రములో బిగించి, ద్రవమును 10 నిమిషము లుంచుదురు. పిదప దానిగుండ కాంతిని పంపి, ఎంత మసకబారినదో చూతురు. మెరయు రంగునీటిని ఒకవైపు పోసి, రెండవవైపునకు ఎంత కారినదో కొలుతురు. మిక్కిలి మసకబారి కారినది తీవ్రము. ఏమాత్రము చెదరనిది నిరపాయము. నడుమనున్నవానికి ఈ పరీక్ష సమాధానము చెప్పదు. అందుచేతనే ఒక్క పరీక్షతో ముగింపక, అంకము, అణువురూపము, గిన్నెలోని కణము, వీనిని వరుసగా పేర్చి తీర్పు చెప్పు విధానములు వచ్చినవి. కంటికి సంబంధించిన అట్టి విధానము 2022లో అంతర్జాతీయ నియమావళి కెక్కెను. మన దేశమున 2014లో సౌందర్యద్రవ్యములను జంతువులపై పరీక్షించుటయు, అట్లు పరీక్షించినవానిని దిగుమతి చేయుటయు నిషేధింపబడెను. ఇతర రసాయనముల విషయమున కుందేటి పరీక్ష చాల తగ్గినది, అంతరించిపోలేదు.

ఈ జోస్యమునకు అందని సంగతులును కలవు. నల్లజీడి రసముతో రజకులు బట్టలపై గుర్తులు వేయుట మన పెద్దలెరిగినదే. ఆ గుర్తు తగిలినచోట కొందరికి పొక్కులు లేచును, కొందరికి ఏమియు కాదు. అది తొలిస్పర్శతో పుట్టిన ప్రకోపము కాదు. శరీరము ఒకసారి గుర్తుపెట్టుకొని మరుసారి పగతీర్చుకొను అలెర్జీ. దానికి వేరు పరీక్షలు. శ్రీకాకుళపు పలాసలో జీడిపిక్కలు కొట్టువారి చేతులకు తగులునది జీడిపెంకులోని నూనె. వారికది ఒకనాటి స్పర్శ కాదు, ఏండ్లతరబడి ప్రతిదినము కలుగు స్పర్శ. 15 నిమిషముల పరీక్ష పాతిక సంవత్సరముల కూలిని గూర్చి చెప్పగలిగినది తక్కువ.

ఇక సున్నము. దీనికి గణనయంత్రము వలదు, గిన్నెలోని చర్మము వలదు. తేటసున్నపు నీటి పీహెచ్ అంకము సుమారు 12.4, మొదటి ప్రశ్నతోనే తీర్పు ముగిసినది. అయినను తాంబూలపు సున్నముపై ఆ హెచ్చరికబొమ్మను చూచినవారు అరుదు. చిన్న ప్లాస్టిక్ సంచులలో అమ్ము సున్నమును పిల్లలు ఆటగా నొక్కగా, అది పిట్లి కంటిలో పడి చూపు పోయిన ఉదంతములు మన దేశపు వైద్యపత్రికలలో నమోదైయున్నవి. సున్నపు నలుసులు పైరెప్ప క్రింద దాగి, గంటలతరబడి క్షారమును విడుచుచుండును. నల్లగ్రుడ్డు, తెల్లగ్రుడ్డు కలియు అంచున స్వచ్ఛపటలమును పునరుద్ధరించు మూలకణములు కలవు. అవి చచ్చినచో పటలముపై రక్తనాళములు అల్లుకొని అద్దము తెల్లబడును. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్యసంస్థవారు 2012లో ప్రకటించిన శస్త్రచికిత్సయందు, రోగి మంచికంటి అంచునుండి చిన్నముక్క తీసి, దానిని తునుకలుచేసి, ఉమ్మనీటిసంచి పొరపై గాయపడిన కంటిలో నాటుదురు. పలువురికి చూపు వచ్చినది. రెండు కన్నులును కాలినవానికి మాత్రము తననుండి తీయదగిన ముక్క యుండదు.

సున్నముగాని, మరే రసాయనముగాని కంటిలో పడినపుడు అంకము తెలియువరకు ఆగనక్కరలేదు. దొరికిన మంచినీటితో ఆ క్షణమునుండియే, రెప్పలు విప్పిపట్టి, అరగంట వరకు ధారగా కడుగవలెను. తడిగుడ్డ కొనతో కనబడు సున్నపు ముద్దలను తీసివేయవలెను. క్షారమునకు విరుగుడని నిమ్మరసము పిండుట, చలువయని నెయ్యి వేయుట కూడదు. కడిగిన పిమ్మట బిడ్డ ఏడుపు మానినను సరే, కంటివైద్యునియొద్దకు తీసికొనిపోవలెను. పైరెప్పను తిరుగవేసి, దాగిన నలుసులున్నవేమో ఆయన చూడవలసియున్నది.